చెనిక్కాయ లెక్కకు రాని కొలబద్ద: వాతావరణ ముప్పు అంచనాలను అనంతపురం నుంచి చదివితే

ఉమ్మడి అనంతపురం జిల్లాలో దశాబ్దాల పాటు ఖరీఫ్ అంటే చెనిక్కాయే. పత్రికల భాషలో వేరుశనగ. ఒక దశలో ఏడెనిమిది లక్షల హెక్టార్ల ఎర్ర నేలలో ఎటు చూసినా అదే పైరు. వాన తప్పిన ఏడు విత్తనం ఖర్చు కూడా తిరిగిరాని చేను, వాన కుదిరిన ఏడు అప్పు తీర్చి ఇంట్లో పెళ్లి చేయించేంత పండుతుంది. దిగుబడి ఇంతగా ఊగే చోటు దేశంలో ఎక్కడైనా ఉందా అని వెతికితే మొదట కనబడాల్సిన జిల్లాల్లో ఇదొకటి.

2021లో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఒక నివేదిక విడుదల చేసింది. ఐఐటీ మండి, ఐఐటీ గువాహటి, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి, వాతావరణ మార్పు ముందు ఏ రాష్ట్రం, ఏ జిల్లా ఎంత దుర్బలంగా ఉందో ఒకే చట్రంలో లెక్కగట్టాయి. ఝార్ఖండ్, మిజోరం, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, అస్సాం, బిహార్, అరుణాచల్ ప్రదేశ్, పశ్చిమ బెంగాల్ బాగా దుర్బలమైనవని తేల్చాయి. దిగుబడి ఊగిసలాటను పట్టుకోవడానికి ఆ చట్రంలో వాడిన సూచిక పేరు ఆహారధాన్యాల దిగుబడిలో హెచ్చుతగ్గులు. వేరుశనగ ఆహారధాన్యం కాదు, నూనెగింజ. అంటే అనంతపురం రైతు ఏటా దేనిమీద పందెం కాస్తాడో ఆ పంటే ఈ గడిలోకి రాదు. మెట్టలో వేసే కాస్త జొన్న, కాలువ కింది వరి, కంది, పప్పుశనగ వంటివి కలిసి జిల్లా తరఫున సాక్ష్యం చెబుతాయి.

దేశమంతా పోల్చాలంటే అన్ని చోట్లా దొరికే అంకె కావాలి. వరి, గోధుమ, జొన్న, పప్పులు కలిపితే ఆ అంకె ఎక్కడైనా దొరుకుతుంది, కాబట్టి ఆ ఎంపికకు కారణం లేకపోలేదు. ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. ఢిల్లీలో పోలిక కోసం తయారైన అంకెనే జిల్లా కలెక్టరేట్‌లో ప్రణాళిక కోసం కూడా తీసుకుంటారు. ఏ జిల్లా ముందు, ఏ జిల్లా వెనక అని చెప్పే జాబితాకు, ఈ జిల్లాలో ఏది మారిస్తే జనం నిలదొక్కుకుంటారు అన్న ప్రశ్నకు ఒకే కొలబద్ద సరిపోదు.

దుర్బలత అన్న మాటకు అర్థం కూడా కాలంతో మారింది. వాతావరణ మార్పుపై అంతర్ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, 2001 నివేదికలో దాన్ని మూడు పాళ్లుగా విడదీసింది: ముప్పుకు ఎంత ఎదురుగా ఉన్నాం, దెబ్బ తగిలితే ఎంత నొప్పి పుడుతుంది, తట్టుకుని లేవగల సత్తా ఎంత. 2014 నాటి అయిదో నివేదికకు వచ్చేసరికి ఈ కూర్పు మారింది. వాన లేకపోవడం, ఎండ ముదరడం ఒక పక్కన ముప్పుగా నిలిచాయి. ఆ ముప్పుకు ఎదురుపడే జనం, పంటలు, ఇళ్లు మరో పక్కన. దుర్బలత అన్న మాట మనుషుల పరిస్థితికి, వాళ్ల నేలకు, అప్పులకు, ఆసరాలకు మిగిలింది. ఈ మూడూ కలిసినప్పుడు పుట్టేదాన్ని ప్రమాదం అన్నారు. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అందరూ క్రీడా అని పిలిచేది, 2013లో పాత కూర్పుతో దేశ వ్యవసాయ జిల్లాలకు పటం గీసింది. 2019లో కొత్త కూర్పుతో మళ్లీ గీసింది. 573 గ్రామీణ జిల్లాల్లో 109 అత్యధిక ప్రమాదంలో, 201 అధిక ప్రమాదంలో ఉన్నాయని తేలింది. దేశంలో సగానికి పైగా జిల్లాలు ఎర్ర రంగులో పడ్డాక రంగు చూసి ప్రాధాన్యం నిర్ణయించడం ఎవరికైనా కష్టమే.

అయినా ఆ మార్పు అనంతపురానికి మేలు చేసేదే. ఇక్కడ వాన తక్కువన్న సంగతి కొత్తది కాదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే సగం దులుపుకుని వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తాను తడిపి, తూర్పు కొండలు దాటేసరికి ఓపిక అయిపోతుంది. ఉమ్మడి జిల్లా ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల దగ్గర. అందులో అరవై శాతం నైరుతి కాలానిది. ఈ భూగోళం ధాత కరువు నాడూ ఇంతే. 1876–78 మధ్య ఈ తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. అనంతపురం జిల్లా 1882లో గానీ ఏర్పడలేదు. ఆ కరువులో జనం వానలు లేనందుకే చావలేదు. ధాన్యం ఉన్న చోట ధర అందనంత పెరిగింది, పని దొరికిన చోట కూలి కడుపు నింపలేదు. ఆకాశం అదే, నేల అదే. ఆ తర్వాత నూటయాభై ఏళ్లలో మారుతూ వచ్చింది నేలమీద మనుషులు కట్టుకున్న ఏర్పాటు. దుర్బలతను అక్కడే వెతకాలని కొత్త నిర్వచనం చెబుతోంది. వెతికే అంకెలు మాత్రం ఇంకా పాత చోటే తిరుగుతున్నాయి.

వాన మొత్తం, వాన తేదీ

ముందు వాననే తీసుకుందాం. జిల్లా నివేదికల్లో ఎప్పుడూ కనబడేది లోటు శాతం. సాధారణం కన్నా ఇరవై శాతం తక్కువ, ముప్పై శాతం తక్కువ. చెనిక్కాయకు ఆ శాతం పెద్దగా అర్థం కాదు. అది పైన పూసి కింద కాసే పంట. విత్తిన నెలకు పూత, ఆ తర్వాత పూతలోంచి ఊడలు వంగి నేలలోకి దిగాలి. నేల మెత్తగా ఉంటేనే దిగుతాయి. ఎర్ర నేల ఎండితే పైన పెంకు కడుతుంది. ఊడ దానికి తగిలి ఆగిపోతుంది. దిగినా, కాయ ఊరే రోజుల్లో తడి లేకపోతే లోపల పప్పు నిలవదు, కాయ లొట్ట. ఈ రెండు దశలూ కలిపి నెలా నెలన్నర. ఆ రోజుల్లో రెండు మంచి పదునులు పడితే చాలు, మొత్తం సీజన్ లోటులో ఉన్నా పంట చేతికొస్తుంది. ఆ రోజులు బెట్టగా పోయి, సెప్టెంబరు చివర ఒకే రాత్రి కుంభవృష్టి కురిస్తే జిల్లా సగటు సాధారణానికి చేరుతుంది, చేలో మాత్రం కట్టె మిగులుతుంది. కాగితం మీద ఆ ఏడు కరువు లేదు.

జూలై మధ్యలో విత్తిన పంటకు ఆ కీలకమైన రోజులు ఎక్కడ పడతాయో లెక్క కడితే ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు తేలుతుంది. అంటే మఖ, పుబ్బ కార్తెలు. 'మఖ పుబ్బలు వరపైతే మహా ఎత్తైన క్షామం' అన్న సామెత చెనిక్కాయ ఇక్కడికి రాకముందే పుట్టి ఉండొచ్చు, కానీ ఒక సూచికగా దానికి ఉన్న కచ్చితత్వం ఏడాది సగటుకు లేదు. అది ఎంత కురిసిందని అడగదు, ఎప్పుడు ఆగిందని అడుగుతుంది. 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ వెలువరించిన అంచనా కూడా ఈ మాటకే బలమిస్తోంది: 1951–80తో పోల్చితే 1981–2011లో రుతుపవన కాలంలో వచ్చే బెట్ట దశలు దేశంలో సుమారు 27 శాతం ఎక్కువయ్యాయి. వేడెక్కిన గాలి ఒక్కో డిగ్రీకి ఏడు శాతం దాకా ఎక్కువ తేమను పట్టుకోగలదు. పట్టుకున్నప్పుడు ఇవ్వదు, ఇచ్చినప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తుంది. కురిసే రోజులు తగ్గి కురిసే జోరు పెరగడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

2016 చివర్లో వచ్చిన కేంద్ర కరువు నిర్వహణ మాన్యువల్ ఈ విషయాన్ని కొంత పట్టించుకుంది. వాన లోటుతో పాటు, మూడు నాలుగు వారాలు వరసగా సాధారణంలో సగం కూడా కురవకపోతే దాన్ని బెట్టగా లెక్కిస్తుంది. తర్వాత విత్తిన విస్తీర్ణం, ఉపగ్రహం చూసిన పచ్చదనం, నేలలో తేమ, చెరువులూ బోర్ల నీటిమట్టం చూడమంటుంది. అయితే ఉపగ్రహానికి పచ్చదనమే కనబడుతుంది. ఊడ దిగని చెనిక్కాయ చేను కూడా పైనుంచి పచ్చగానే ఉంటుంది. ఈ పంట తన నష్టాన్ని నేల కింద దాచుకుంటుంది, పీకి చూస్తే గానీ తెలియదు.

భవిష్యత్తు అంచనాల దగ్గర ఈ తేడా ఇంకా పెద్దది. ప్రపంచ వాతావరణ నమూనాలు భూమిని వంద కిలోమీటర్లు, అంతకన్నా పెద్ద గళ్లుగా విడదీసి లెక్కిస్తాయి. 19 వేల చదరపు కిలోమీటర్ల ఉమ్మడి అనంతపురం మొత్తం అలాంటి రెండు గళ్లలో ఇమిడిపోతుంది. యాభై కిలోమీటర్లకు దించితే ఏడెనిమిది గళ్లు. ఆ జిల్లాలో మండలాలు 63. రాయదుర్గం వైపు హగరి ఇసుక మేటలు, కణేకల్లు దగ్గర గాలికి కదిలే దిబ్బలు ఒక ప్రపంచం; మడకశిర, హిందూపురం వైపు మైసూరు పీఠభూమి గాలి మరో ప్రపంచం. ఒక గడిలో ఇవి రెండూ కలిసిపోయి సగటవుతాయి. ఆ సగటులాంటి ఊరు జిల్లాలో ఎక్కడా ఉండదు.

బలం గడిలో బోరు

అంచనాల్లో తట్టుకునే సత్తాకు గుర్తుగా తరచూ తీసుకునేది సాగునీటి వాటా. వర్షాధారం ఎంత తక్కువైతే అంత మంచిది. 2021 చట్రంలో వర్షాధార సాగు వాటా దుర్బలతను పెంచే సూచిక. వ్యవసాయంలో ఉద్యాన పంటల వాటా దాన్ని తగ్గించే సూచిక. చెట్టుకు వేరు లోతు, ఆదాయం ఎక్కువ, ఒక వాన తప్పినా బతుకుతుంది అన్నది దాని వెనక ఆలోచన. దేశంలో చాలా చోట్ల అది నిజం కూడా.

అనంతపురంలో ఈ రెండు సూచికలూ ఒకే గొట్టం లోంచి వస్తాయి. ఆ గొట్టం బోరు. ఇక్కడ ఉద్యానం అంటే ముందు చీనీ, అంటే బత్తాయి, ఆ తర్వాత మామిడి, దానిమ్మ, అరటి, బొప్పాయి. చీనీ తోట కాపుకు రావడానికి నాలుగైదేళ్లు, నిలకడగా కాయడానికి ఇంకొన్నేళ్లు. ఈ చెట్లు తాగేది ఎక్కువగా గట్టి రాతి పగుళ్లలో ఉన్న నీరు. ఆ పగుళ్లు నిండాలంటే మళ్లీ ఆ 550 మిల్లీమీటర్లే దిక్కు. 2003 నుంచి సూక్ష్మ సాగునీటి పథకం కింద వచ్చిన డ్రిప్పు చెట్టుకు పోసే నీటిని తగ్గించింది, సందేహం లేదు. కానీ మిగిలిన నీరు భూమిలో మిగల్లేదు. ఆ నీటితో మరో రెండెకరాలు తోట పెరిగింది. 2004 నుంచి ఉచిత కరెంటు తోడయ్యాక నీటికి మీటరు అంటూ ఏదీ లేకుండా పోయింది.

వరసగా రెండేళ్లు వానలు తప్పితే ఏమవుతుందో జిల్లా పలుమార్లు చూసింది. బోరు మీద బోరు. ఎండుతున్న చీనీ చెట్లకు ట్యాంకర్లతో నీళ్లు. చివరకు గొడ్డలి. చెనిక్కాయ పోతే రైతుకు ఒక సీజన్ పెట్టుబడి పోతుంది. తోట ఎండితే పదేళ్లు పోతాయి, బోర్లకు తెచ్చిన అప్పు మాత్రం నిలిచే ఉంటుంది. మంచి ఏడాది లెక్క తీస్తే అదే రైతు సాగునీరు ఉన్నవాడు, ఉద్యాన రైతు, తట్టుకోగల రైతు. సూచిక అతన్ని బలం గడిలో పెడుతుంది. అతని అసలు దుర్బలత ఆ గడి కిందే, మూడు నాలుగు ఎండిపోయిన బోరు గుంతల్లో ఉంటుంది. విఫలమైన బోర్ల సంఖ్యను ఒక సూచికగా తీసుకుంటే రాయలసీమ పటం రంగు మారిపోతుందని అనిపిస్తుంది. బ్యాంకులకూ బోరు బండి యజమానులకూ తెలిసిన సంగతే ఇది.

ఇలా రెండు వైపులా పదునున్న సూచికలు ఇంకా ఉన్నాయి. కూలిలో, సాగులో ఆడవాళ్ల పాలు ఎక్కువైతే అది బలం అంటుంది చట్రం. మగవాళ్లు బెంగళూరు కట్టడం పనులకు వెళ్లిపోయి, చేనూ గొడ్లూ ముసలివాళ్లూ ఆడవాళ్ల మీద పడినా ఆ వాటా పెరుగుతుంది. ఉపాధి హామీ పనిదినాలు కూడా బలమే. అవి కరువు ఏడు పెరుగుతాయి. కరువు మండలాలుగా ప్రకటిస్తే అదనపు రోజులు కలిసేవి. అంటే జ్వరం పెరిగిన కొద్దీ మందు వాడకం పెరుగుతుంది, మందు ఎక్కువ వాడినవాడు ఆరోగ్యవంతుడని లెక్క తేలుతుంది. ఈ పథకం దేశంలో మొదలైంది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. దాని కింద తవ్విన నీటి కుంటలు, కట్టిన గట్లు వాతావరణ సర్దుబాటు పనులే, అంటే మారే వాతావరణానికి తగ్గట్టు నిలదొక్కుకునే పనులే, ఆ పేరు పెట్టకపోయినా.

ఒకే పంట ఎలా వచ్చింది

దెబ్బ తగిలితే ఎంత నొప్పి అన్న పాలు పంట ఎంపికలో ఉంది. చెనిక్కాయకు ముందు ఈ మెట్టలో కొర్ర, సజ్జ, జొన్న, కంది, ఆముదం, అలసంద, ఉలవ కలిసి ఉండేవి. ఒకటి పోతే ఒకటి మిగిలేది. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ వచ్చింది. నూనెకు ధర, విత్తనానికి రాయితీ, పంట రుణం, బీమా అన్నీ చెనిక్కాయ చుట్టూ అల్లుకున్నాయి. రైతు తెలివితక్కువగా ఒకే పంటకు పోలేదు. అప్పు పుట్టే పంటకు పోయాడు. 1990ల మధ్యలో వంటనూనెల దిగుమతికి తలుపులు తెరిచాక ధర కూడా అతని చేతిలో లేకుండా పోయింది. ఒక పక్కన వాన, ఇంకో పక్కన పామాయిలు.

ఏకపంటకు అసలు బిల్లు 2000లో వచ్చింది. ఆ ఏడు చెనిక్కాయను కాండం కుళ్లు వైరస్ పట్టింది. పొగాకు స్ట్రీక్ వైరస్ అని శాస్త్రవేత్తలు గుర్తించారు. గట్ల మీద, బీళ్లలో ఏపుగా పెరిగిన వయ్యారిభామ పుప్పొడితో వైరస్, తామర పురుగుతో వ్యాప్తి. సుమారు రెండుంపావు లక్షల హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఎండకూ బెట్టకూ తామర పురుగు పెరుగుతుంది. ఎదురుగా లక్షల హెక్టార్లలో ఎడం లేకుండా ఒకే పైరు. వాతావరణం అగ్గిపుల్ల గీసిందేమో గానీ గడ్డివాము పేర్చింది విధానమే.

మరి ఇన్ని దెబ్బలు తిన్నా ఆ పంటను ఎందుకు పట్టుకుని వేలాడారు? అందుకు జవాబుల్లో ఒకటి నివేదికల్లో అరుదుగా కనబడేది: కట్టె. కాయ రాకపోయినా చెనిక్కట్టె గొడ్లకు మేత. గొర్రెల సంఖ్యలో రాష్ట్రంలో ముందు వరసలో ఉండే ఈ ప్రాంతంలో, పాల ఆదాయమే నెలవారీ జీతంగా బతికే ఇళ్లలో, దిగుబడి అంటే బస్తాలే కాదు, వాములు కూడా. దిగుబడి తేల్చడానికి అధికారులు చేసే పంట కోత ప్రయోగం కాయను తూస్తుంది, కట్టెను తూయదు. చెనిక్కాయ వదిలి ఆముదం వేయమని సలహా ఇచ్చినప్పుడు రైతు మనసులో వేసుకునే లెక్కలో గొడ్డు కూడా ఉంటుంది; ఆముదం కట్టెను గొడ్డు ముట్టదు. జాతీయ సర్దుబాటు నిధి కింద రాష్ట్రానికి మంజూరైన పథకం కోస్తాతో పాటు ఈ మెట్ట ప్రాంతపు పాడిని ఉద్దేశించింది కావడం ఈ కోణంలో సరైన ఎంపికే. ఎన్.పి.కుంట సౌర పార్కు వంటివి వచ్చాక మేత బీళ్లు ఎంత తగ్గాయో కూడా ఆ లెక్క పక్కనే రాసుకోవాలి. ఉద్గారాలు తగ్గించే పని ఒక ఊరి గొర్రెల సర్దుబాటును కుదించగలదు.

ఇటీవలి ఖరీఫ్‌లలో చెనిక్కాయ విస్తీర్ణం బాగా పడిపోయింది. కంది, ఆముదం, మొక్కజొన్న, పత్తి ఆ చోట్లోకి వచ్చాయి. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి–6, ఆ తర్వాత కదిరి లేపాక్షి వంటి రకాలు చెనిక్కాయలోనే ఉన్నవాళ్లను కొంత నిలబెట్టాయి. ఈ మళ్లింపును సర్దుబాటు అనాలా, ఓటమి అనాలా అన్నది ఏ పంటకు మళ్లారన్న దాన్నిబట్టి ఉంటుంది. కందికి మళ్లడం ఒకటి. మెట్టలో పత్తికి మళ్లడం చాలావరకు పేకముక్క మార్చడమే.

జారిపోయే సాధారణం

అంచనాల్లో అన్నిటికన్నా తక్కువ మాట్లాడేది సాధారణం గురించి. లోటు, నష్టం, పరిహారం అన్నీ ఏదో ఒక సాధారణం నుంచి కొలిచేవే. ఆ సాధారణమే కదులుతోంది. 2022లో వాతావరణ శాఖ దేశ నైరుతి సగటును 1961–2010 కాలం నుంచి 1971–2020కి మార్చింది. 880.6 మిల్లీమీటర్లు కాస్తా 868.6 అయింది. పద్ధతి ప్రకారం అది సరైన పనే, పదేళ్లకోసారి మార్చుతారు. కానీ వాన తగ్గుతున్న చోట గీత కూడా కిందికి దిగితే, నిన్న లోటు అన్నది ఇవాళ మామూలు అవుతుంది.

బీమాలో ఇది ఇంకా సూటిగా తగులుతుంది. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో హామీ దిగుబడిని గత ఏడేళ్ల సగటు నుంచి తీస్తారు. అందులో మెరుగైన అయిదేళ్లనే తీసుకుని, చెడ్డ రెండేళ్లను వదిలేస్తారు. ఏడేళ్లలో నాలుగు చెడిన చోట రెండు వదిలినా రెండు చెడ్డ ఏళ్లు సగటులో కూర్చుంటాయి. హామీ దిగుబడి దిగుతుంది, ఆ మేరకు నష్టం చిన్నదిగా కనబడుతుంది. ఎక్కువగా దెబ్బ తినే మండలానికే తక్కువ రక్షణ. ఇది ఎవరి దురుద్దేశమూ కాదు. అరుదుగా వచ్చే విపత్తు కోసం రాసిన సూత్రం తరచూ వచ్చే విపత్తు మీద పడితే ఫలితం ఇలాగే ఉంటుంది.

మరొకరి ఆకాశం

సర్దుబాటు పేరుతో జరిగిన పనుల్లో పెద్దది నీళ్లు మళ్లించడం. హంద్రీ–నీవా ఎత్తిపోతల పథకం శ్రీశైలం వెనక జలాల నుంచి మల్యాల దగ్గర మొదలై మెట్లు మెట్లుగా నీటిని ఎత్తుకుంటూ వస్తుంది. 2012లో జీడిపల్లి జలాశయానికి కృష్ణ నీళ్లు చేరాయి. అంతకు ముందు నుంచీ తుంగభద్ర ఎగువ కాలువ పెన్న అహోబిలం (పీఏబీఆర్), మిడ్ పెన్నార్ జలాశయాల మీదుగా జిల్లాను తడుపుతోంది. చెరువులు నిండాయి, బోర్లు లేచాయి, ఆ ఊళ్ల ముఖం మారింది. దీన్ని తక్కువ చేసి చూడటానికి వీల్లేదు.

కానీ ముప్పు పోయిందా, చిరునామా మార్చుకుందా అన్నది చూడాలి. హంద్రీ–నీవాకు లెక్కగట్టిన 40 టీఎంసీలు కృష్ణ వరద జలాలు. మహాబలేశ్వరం వైపు వాన తప్పితే జీడిపల్లిలో నీళ్లు లేవు. తుంగభద్ర జలాశయం 1953లో మొదలైనప్పుడు 130 టీఎంసీలకు పైగా పట్టేది, పూడికతో ఇప్పుడు 105 చిల్లరకు దిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, గేటు బిగించేందుకు నిండు జలాశయం నుంచి నీళ్లు కిందికి వదిలేస్తుంటే, అనంతపురం ఆయకట్టు రైతులు టీవీల ముందు కూర్చుని చూశారు. ఒక ఇనుప గొలుసు కూడా ఈ జిల్లా దుర్బలతలో భాగమని అప్పుడు తెలిసింది. జిల్లా హద్దుల్లో ఆగిపోయే అంచనా ఆ గొలుసును చూడలేదు.

మరో కొసన, ఊరి హద్దుల్లోనే జరిగిన పనులు ఉన్నాయి. 2016 ఆగస్టులో ఎండుతున్న చెనిక్కాయకు రెయిన్‌గన్లతో, అంటే నీటిని దూరం దాకా చిమ్మే యంత్రాలతో, రక్షక తడులు ఇచ్చారు. ఎన్ని ఎకరాలు నిజంగా దక్కాయన్న దానిపై వాదనలు చాలానే నడిచాయి. తడి ఇవ్వడానికి కుంటలో నీళ్లుండాలి, బెట్ట ముదిరితే కుంటే ముందు ఎండుతుంది అన్నది మాత్రం వాదన అవసరం లేని సంగతి. అంతకన్నా నెమ్మదైన పని ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కింద సాగుతున్న వానకు ముందు విత్తు: ఏప్రిల్, మే నెలల్లోనే పలురకాల విత్తనాలను మట్టి, ఘనజీవామృతం పూత పట్టించి పొడి నేలలో చల్లి, పైన ఆచ్ఛాదన పరవడం. వేసవి జల్లు చాలు మొలకెత్తడానికి. పదును కోసం ఎదురుచూసే పద్ధతిని తలకిందులు చేసే ఆలోచన ఇది. చాకిరీ ఎక్కువ, ఆచ్ఛాదనకు పెట్టాల్సిన చెత్తను గొడ్లూ అడుగుతాయి. అయినా ఖరీఫ్‌కు ముందే నేల కప్పి ఉండటం ఎర్ర నేలలో చిన్న లాభం కాదు.

వీటన్నిటిలో అంచనా అన్న మాటకు దగ్గరగా వచ్చింది 2003లో మొదలైన రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు. తర్వాత దానికి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడుగా నిలిచింది. అనంతపురం, కర్నూలు, కడపతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బోర్లలో మట్టం కొలిచారు, ఊరి గోడ మీద రాశారు. రబీ ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరు ఇంత, వేయాలనుకున్న పంటలు తాగేది ఇంత, తరుగు ఇంత అని లెక్క తేల్చేవారు. ఎవరు ఏం వేయాలో ఆదేశం లేదు, జరిమానా లేదు, రాయితీ లేదు. తెలిశాక వరి తగ్గించుకున్నవాళ్లు తగ్గించుకున్నారు. జాతీయ నివేదిక జిల్లా పేరు దగ్గర ఆగితే, ఈ లెక్క ఫలానా వాగు కింది ఫలానా బోరు దాకా వెళ్లింది. ఒకటి విధానానికి, ఒకటి విత్తనానికి. ఈ రెండో రకం అంకెలు మొదటి దానిలోకి ఎక్కే మెట్లు మాత్రం ఇప్పటికీ లేవు. 2004లో, 2012లో, 2023లో భారతదేశం ఐక్యరాజ్యసమితికి పంపిన జాతీయ సమాచార నివేదికలు నమూనాల నుంచి కిందికి దిగుతూ వచ్చినవే. గోడ మీది అంకె పైకి ప్రయాణించిన దాఖలా తక్కువ.

కరువు జిల్లాల్లో వరద

ఇక కరువు సీమ అన్న ముద్ర వల్ల వచ్చే గుడ్డితనం ఒకటుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచాయి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపుత్తూరు, తొగూరుపేట వంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. 2022 అక్టోబరులో అనంతపురం పట్టణంలో నడిమివంక పొంగి కాలనీలు నీట మునిగాయి. ఎప్పుడో గానీ నీళ్లు పారని వంక కాబట్టే ఇళ్లు దాని ఒడ్డు దాకా వచ్చాయి. ఎండిన ఏరు ఖాళీ స్థలంలా కనబడుతుంది, పట్టా కూడా దొరుకుతుంది. కరువు దుర్బలతే వరద దుర్బలతను ఇలా తయారు చేస్తుంది. ముంపును ఒక గడిలో, కరువును వేరే గడిలో పెట్టి విడివిడిగా మార్కులేసే పద్ధతికి ఈ బంధుత్వం అందదు.

చివరగా అంకెల వయసు. అంచనాల్లో జనాభా, ఇళ్లు, పని, వసతుల సూచికలకు చాలావరకు ఆధారం 2011 జనగణన. అప్పుడు జిల్లా ఒకటే, జనాభా 40 లక్షల పైచిలుకు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. 31 మండలాలు ఇటు, 32 అటు. పుట్టపర్తి, కదిరి, హిందూపురం, మడకశిర ఒక జిల్లా అయ్యాయి. గుంతకల్లు, రాయదుర్గం, ఉరవకొండ, తాడిపత్రి అనంతపురంలో మిగిలాయి. ఎగువ కాలువ ఆయకట్టులో ఎక్కువ భాగం ఒకరికి, బెంగళూరు దారి మరొకరికి దక్కాయి. జనగణన మళ్లీ 2027లో పూర్తి కావాల్సి ఉంది. ఆ లెక్కలు పట్టికలుగా చేతికొచ్చేదాకా, ఇప్పుడు ఈ రెండు జిల్లాల పేర్ల పక్కన ఏ దుర్బలత అంకె కనబడినా, అది ఆ రెండూ ఒకటిగా ఉన్న రోజుల్లో తీసిన అంకె.